శంకరశాస్త్రి తరువాత సోమయాజులు గారికి మిగిలిందేమిటి?

పాతరీలు

పెద్ద నటుడెవరైనా కన్నుమూసిన రోజున వార్తా ఛానెళ్ళు పెట్టాలంటేనే నాకు విసుగు. వందల చిత్రాల్లో నటించిన మనిషికి పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే దృశ్యాన్ని తిప్పి తిప్పి వేస్తారు. మిగిలిన జీవితమంతా ఆ ఒక్క పాత్రకు అనుబంధమన్నట్టు మాట్లాడతారు.

నా ప్రశ్న మాత్రం జె.వి. సోమయాజులు గారి గురించి. ఆయన సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రిగా నటించిన శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న విడుదలయ్యేనాటికి ఆయనకు యాభై దాటాయి, ప్రభుత్వంలో డిప్యూటీ కలెక్టరు స్థాయి ఉద్యోగం. ఆ తరువాత సుమారు రెండు దశాబ్దాల పాటు ఆయన తెర మీద కనిపిస్తూనే వచ్చారు. ఈమధ్య ఆయన చిత్రాలు దొరికినన్ని వరుసగా చూశాను. కాలం గడిచేకొద్దీ చాలావాటిలో ఆయన ఉత్తరీయం సర్దుకుంటూ వచ్చి, గంభీరంగా నాలుగు మంచి మాటలు చెప్పి, కథకు అడ్డు రాకుండా వెళ్ళిపోతారు. అంతటి నటుణ్ణి అలా వాడుకోవడం పరిశ్రమ తప్పా, లేక ఆ పాత్రకు మించి ఆయన చేయగలిగింది నిజంగానే లేదా?

నేలటికెట్టు

ఒక్క పాత్రతోనైనా గుర్తుండిపోయే భాగ్యం ఎంతమందికి దక్కింది? వందల చిత్రాలు చేసి ఒక్క పాత్ర పేరు కూడా మిగలని వారు కోకొల్లలు. వారి గురించి ఎవరూ చర్చ మొదలుపెట్టరు. ఆయనకు జరిగింది నష్టమని నేను ఒప్పుకోను.

బొంకులదిబ్బ

"చేయగలిగింది నిజంగానే లేదా" అనే మాట చదివి ఊరుకోలేకపోయాను. సోమయాజులు గారు శంకరాభరణంతో పుట్టిన నటుడు కారు. అంతకుముందే ఎన్నో ఏళ్ళుగా కన్యాశుల్కం నాటకంలో రామప్పపంతులు వేషం వేసి పేరు తెచ్చుకున్నవారు. తమ్ముడు రమణమూర్తి గారిది గిరీశం వేషం. రామప్పపంతులు అంటే ఎవరో తెలిసిందే కదా: కోర్టు పక్షి, దొంగ దస్తావేజులు, పైకి పెద్దమనిషి తరహా, లోపల పిరికితనం, మధురవాణి ముందు కుదేలయ్యే బడాయి. ఆ మనిషిని ఒక రాత్రంతా రంగస్థలం మీద నిలబెట్టి జనాన్ని నవ్వించగలిగిన నటుడికి ఉత్తరీయం తప్ప ఇంకేమీ రాదని ఎలా అంటారు?

మా పెదనాన్న విజయనగరంలో వారి నాటకం చూశారు. శంకరాభరణం వచ్చాక అందరూ శంకరశాస్త్రికి దండాలు పెడుతుంటే, "ఈయన ఇప్పుడో ఇంకాసేపటికో ఎవరి చేతనో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు చూడు" అని హాల్లో పక్కవారికి చెప్పి తిట్లు తిన్నారట. నాటకం చూసిన తరానికి రామప్పపంతులే అసలు సోమయాజులు, శాస్త్రి గారు ఆయన వేసిన మరొక వేషం. సినిమా చూసిన తరానికి మొదటిది తెలియనే తెలియదు. సినిమాకు రీలు మిగిలింది, నాటకానికి మిగలలేదు. తేడా అంతే.

పాతరీలు

ఆయన నాటక జీవితం గురించి విన్నాను కానీ ఇంత వివరంగా తెలియదు. అయితే నా అనుమానం ఇంకా బలపడుతోంది. రామప్పపంతులు వేయగలిగిన మనిషికి తెర మీద అలాంటి పాత్ర ఒక్కటైనా ఎవరూ ఎందుకు ఇవ్వలేదు?

కాల్షీటు

సీరియళ్ళకు సంభాషణలు రాసి బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఇది లోపలి నుంచి చెప్పగలను. కుట్ర ఏమీ ఉండదు, బద్ధకం ఉంటుంది. పాత్రల పట్టిక రాసేటప్పుడే పేరు, వయసు, వృత్తి తరువాత "ఫలానా వారిలాగా" అని ఒక ముక్క చేరుస్తాము. తాతయ్య పాత్ర ఎదురుగా "సోమయాజులు గారి తరహా" అని రాసి ఉన్న పట్టికలు, ఆయన పోయిన చాలా ఏళ్ళ తరువాత కూడా నేను చూశాను. ఆ పట్టిక మేనేజరు చేతికి వెళుతుంది. ఆయన కొత్తగా ఆలోచించడు, ఆలోచించడం ఆయన పని కాదు. ఆ తరహాకు ఎవరు దొరికితే వారి కాల్షీట్లు అడుగుతాడు. అసలు మనిషే దొరికితే ఇంకేం కావాలి? దర్శకుడికి కూడా సుఖమే, ఎందుకంటే ఆ ముఖం కనిపించగానే "ఈయన పెద్దమనిషి, పండితుడు" అని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది కాబట్టి దానిని స్థాపించడానికి రెండు సీన్లు ఖర్చు పెట్టనక్కర్లేదు.

నేను రాసిన ఒక సీరియల్లో ఎప్పుడూ సాధువైన తాతగా కనిపించే నటుడు ఒకసారైనా దుర్మార్గుడి వేషం ఇవ్వమని అడిగారు. నాకు ఆశ పుట్టి కథ మలుపు తిప్పి రాశాను. ఛానెల్ వారు ఒప్పుకోలేదు. ఆయన మంచివాడని నమ్మి చూస్తున్న ఆడవారు నొచ్చుకుంటారన్నారు. చివరికి ఆ తాతగారికి దుర్మార్గుడైన కవల సోదరుణ్ణి సృష్టించాము.

నేలటికెట్టు

కవల సోదరుడికి మీసం పెట్టారా, పుట్టుమచ్చ పెట్టారా?

కాల్షీటు

రెండూ పెట్టాము.

గోదారిగట్టు

మేనేజరు మీదకూ పట్టిక మీదకూ నెట్టేస్తే నటుడి బాధ్యత ఏమీ లేదన్నట్టు అవుతుంది. అక్కినేని గారిని చూడండి. 1953లో దేవదాసు వచ్చింది. నిద్రమత్తు కళ్ళలో కనబడాలని ఆ తాగుడు దృశ్యాలు రాత్రిపూట తీశారని ఆయనే చెప్పుకున్నారు. ఆ విషాదం జనానికి ఎంతగా పట్టుకుందంటే ఆ తరువాత ఎవరు కథ చెప్పినా అందులో ప్రేమలో ఓడిపోవడం, దగ్గడం ఉండేవి. ఆయన ఏం చేశారు? 1955లో మిస్సమ్మలో ఎన్టీఆర్ కథానాయకుడిగా ఉండగా, తాను పక్కనే హాస్యపు డిటెక్టివ్ వేషం కావాలని అడిగి మరీ వేశారు. అప్పటికే అగ్రనటుడైన మనిషి రెండో స్థానం పాత్ర అడగడం మామూలు విషయం కాదు. ముద్ర పడుతోందని ముందే పసిగట్టి తప్పించుకున్నారు. తప్పించుకోవాలనుకుంటే దారి ఉంటుంది.

బొంకులదిబ్బ

గోదారిగట్టు గారూ, ఈ పోలిక కుదరదు. అక్కినేని వద్దంటే నిర్మాత ఇంకో కథ తెస్తాడు. యాభై దాటాక పరిశ్రమకు వచ్చిన క్యారెక్టర్ ఆర్టిస్టు వద్దంటే నిర్మాత ఇంకో నటుణ్ణి తెస్తాడు. పైగా అక్కినేని మాత్రం పూర్తిగా ఎక్కడ తప్పించుకున్నారు? ప్రేమనగర్ (1971), ప్రేమాభిషేకం (1981) చూస్తే గ్లాసు మళ్ళీ చేతికి వచ్చే ఉంది. 1978లో దేవదాసు మళ్ళీ పుట్టాడు అని సినిమా పేరే పెట్టారు.

గోదారిగట్టు

మళ్ళీ పట్టుకున్నది ఆయన ఇష్టప్రకారం, తన ధర ప్రకారం. ముద్ర మనల్ని నడపడం వేరు, ముద్రను మనం నడపడం వేరు. ఎన్టీఆర్ కూడా అంతే. ఇద్దరు పెళ్ళాలు (1954)లో కృష్ణుడి వేషంలో కాసేపు కనిపిస్తే జనం మెచ్చలేదు. అయినా కె.వి. రెడ్డి పట్టుబట్టి మాయాబజార్ (1957)లో మళ్ళీ ఆ కిరీటం పెట్టించారు, తరువాతి సంగతి ఊరూరా గోడల మీద కేలండర్లే చెప్పాయి. కానీ మరుసటి ఏడాదే భూకైలాస్‌లో ఆయన రావణుడు. 1977లో దానవీరశూరకర్ణలో కృష్ణుడూ తానే, దుర్యోధనుడూ తానే, కర్ణుడూ తానే. కృష్ణుడిగా దండం పెట్టినవారే ఆయన దుర్యోధనుడి సంభాషణలు బట్టీ పట్టారు.

నేలటికెట్టు

అంటే ముద్ర పోగొట్టుకోవాలంటే మూడు పాత్రలు మనమే వేసుకొని, సినిమా మనమే తీసుకొని, స్టూడియో కూడా మనదే అయి ఉండాలన్నమాట. సోమయాజులు గారికి ఎవరూ ఈ సులువు చెప్పలేదు పాపం.

తెనాలి హార్మణీ

అందరూ సినిమా వైపు నుంచే మాట్లాడుతున్నారు. పద్యనాటకం వైపు నుంచి చూస్తే ఈ ప్రశ్నే తలకిందులవుతుంది. అక్కడ ఒకే పాత్రకు కట్టుబడి ఉండడం శాపం కాదు, అన్నం పెట్టే ఆస్తి. మా నాన్నగారు నాటకాలకు హార్మణీ వాయించేవారు, నేనూ కొంతకాలం ఆయన వెంట తిరిగాను. శ్రీరామనవమికో శివరాత్రికో ఊరి కమిటీవారు కంట్రాక్టరు దగ్గరకు వచ్చి నాటకం అడిగినప్పుడు వారు అడిగేది నాటకం కాదు, మనుషులను. "కాటి సీనుకు ఎవరు? నక్షత్రకుడు ఎవరు?" అని అడుగుతారు. హరిశ్చంద్రలో వారణాసి వరకు ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకు మరొక హరిశ్చంద్రుడు రావడం మామూలు. పాండవోద్యోగంలో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి వేరే కృష్ణుడు. ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు వేదిక ఎక్కితే ప్రేక్షకులకు గందరగోళం కలగదు, పైగా ఏ కృష్ణుడి రాగం ఎంతసేపు నిలిచిందో, ఎవరికి వన్స్ మోర్‌లు ఎక్కువ వచ్చాయో తెల్లవారాక టీ కొట్టు దగ్గర లెక్కలు తేలుస్తారు.

అందుకే అక్కడ నటుడు ఒక పాత్రను, కొన్నిసార్లు ఒక పాత్రలోని ఒక్క సీనును, నలభై ఏళ్ళు సాన పడతాడు. డి.వి. సుబ్బారావు గారంటే హరిశ్చంద్రుడు. పీసపాటి నరసింహమూర్తి గారంటే కృష్ణుడు. ఆయన వేరే వేషం వేయగలడా లేదా అని ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే ఎవరికీ ఆ అవసరం లేదు. ఆ పద్యం ఆయన నోట వినడానికే పక్క ఊరి నుంచి బళ్ళు కట్టుకొని వచ్చేవారు. స్త్రీ పాత్రల సంగతి కూడా ఇంతే. స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసి ఆడవారే నడక నేర్చుకున్నారని మా నాన్నగారి తరంలో చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారిది కూడా సత్యభామే, ఆయనకు 1970లో పద్మశ్రీ. ఒకే సత్యభామను ఇద్దరూ జీవితమంతా చేశారు. ఎవరూ జాలిపడలేదు.

బెజవాడ బాల్కనీ

తెనాలి హార్మణీ గారి టపా దాచుకోదగ్గది. హరిశ్చంద్రుడి వెంటపడి అప్పు వసూలు చేసే నక్షత్రకుడి వేషం వేసేవారికి ఊళ్ళో అప్పు పుట్టదని విన్నాను, నిజమేనా?

తెనాలి హార్మణీ

అప్పు పుట్టకపోవడం కాదు, ఎదురు జరిగేది. మాకు తెలిసిన నక్షత్రకుడు ఒకాయన తన అప్పు వసూలుకు వెళితే, ఎదుటివారు నవ్వేసి, పద్యం పాడించుకొని, కాఫీ ఇచ్చి పంపేవారు. డబ్బు మాత్రం ఇచ్చేవారు కాదు.

ఆ ఆస్తికి ఒక ప్రమాదం కూడా ఉందని చెప్పాలి. నాటకం పోతే పాత్ర పోతుంది, పాత్ర పోతే మనిషి కూర్చుండిపోతాడు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు ఎంతోకాలంగా అభ్యంతరం చెబుతూ వచ్చారు. ఇటీవలి ప్రదర్శనల్లో ఆ పాత్రను రోత పుట్టించేలా పెంచేశారన్న మాటలో నిజం ఉంది, కాళ్ళకూరి నారాయణరావు గారు రాసింది వేశ్యాలోలత్వం మీద. ఆ తప్పొప్పుల జోలికి పోను. కానీ జీవితమంతా సుబ్బిశెట్టి ఒక్కటే వేసిన కళాకారులు ఉన్నారు. మరుసటి పండుగకు వారికి పిలుపు లేదు. యాభై ఏళ్ళ వయసులో వెళ్ళి కృష్ణుడి పద్యాలు నేర్చుకోలేరు కదా.

పాతరీలు

ఇది నేను ఊహించని కోణం. అయితే నాటకంలో ప్రేక్షకుడు ఒకే పాత్రను మళ్ళీ మళ్ళీ చూడడానికి వస్తాడు, పాత్ర లోతు పెరుగుతూ పోతుంది. సినిమాలో పాత్ర ఒక్కసారే ఉంటుంది. తరువాత వచ్చేవి దాని పైతొడుగులు మాత్రమే. సోమయాజులు గారికి శంకరశాస్త్రిని మళ్ళీ చేసే అవకాశం రాలేదు, శంకరశాస్త్రి పంచె కట్టుకునే అవకాశం మాత్రం చాలాసార్లు వచ్చింది.

చిలకలపూడి బంగారం

ఆడవారి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. శంకరాభరణం అనగానే సోమయాజులు గారి గురించి ఇంత చర్చ, మరి తులసి మాటేమిటి? మంజుభార్గవి గారు అంతకుముందు ఎక్కువగా క్లబ్బు డాన్సుల్లో కనిపించేవారు. దర్శకుడు విశ్వనాథ్ గారు ఆ మనిషి చేత దాదాపు మాటలే లేని తులసి పాత్ర వేయించారు. చిత్రం ఆడింది. పాత తరహా పాటలకు ఆమెను పిలవడానికి ఇక ఎవరికీ మనసు ఒప్పలేదు, తులసి లాంటి పాత్ర మళ్ళీ ఎవరూ రాయలేదు. ఆమె బెంగుళూరులో కూచిపూడి నేర్పుతూ తన దారి తాను చూసుకున్నారు. సోమయాజులు గారికి కనీసం ఉత్తరీయాలు దొరికాయి.

అంజలీదేవి గారికి దీనికి భిన్నంగా జరిగింది. గొల్లభామ (1947)లో ఆమె మోహిని, నాట్యగత్తె. దర్శకుడు సి. పుల్లయ్య గారు. ఆ పుల్లయ్య గారే తరువాత లవకుశ మొదలుపెట్టి ఆమెను సీతను చేశారు, ఆయన అనారోగ్యం తరువాత కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చేశారు. 1963లో విడుదలయ్యాక పల్లెల్లో ఆడవారు ఆమె కాళ్ళకు మొక్కేవారు. మోహినిని అందరూ మరచిపోయారు. పాత ముద్రను కొత్త ముద్ర తుడిచేసింది.

గోదారిగట్టు

రమ్యకృష్ణ గారిని కూడా ఈ వరుసలో పెట్టవచ్చు. 1999 నుంచి పదిహేనేళ్ళ పాటు ఆమె నరసింహలోని నీలాంబరి. 2015 తరువాత బాహుబలిలోని శివగామి. పాత పాత్రను మింగడానికి అంతకంటే పెద్ద పాత్ర రావాలి, వేరే మార్గం లేదు.

బెజవాడ బాల్కనీ

సూర్యకాంతం గారిని మరచిపోతే పాపం తగులుతుంది. ఎన్టీఆర్, అక్కినేని, సావిత్రి, ఎస్వీఆర్ అందరూ ఉన్న చిత్రానికి ఆమె పాత్ర పేరు పెట్టి గుండమ్మ కథ (1962) అన్నారు. ఆ తరువాత తెలుగునాట ఎవరూ ఆడపిల్లకు సూర్యకాంతం అని పేరు పెట్టలేదు. షూటింగుకు ఇంటి నుంచి కారియర్లలో వండుకొచ్చి అందరికీ కొసరి కొసరి వడ్డించిన మనిషికి దక్కిన పేరు గయ్యాళి అత్త.

చిలకలపూడి బంగారం

పిల్లలకు ఆ పేరు పెట్టకపోవడానికి ఆమెను కారణం చేయడం నాకు నచ్చదు. రత్నకాంతం, చంద్రకాంతం కూడా ఇప్పుడు ఎవరూ పెట్టడం లేదు, వారేమీ సినిమాల్లో కోడళ్ళను వేధించలేదు. పేర్ల వాడుక మారింది. కాకపోతే చెప్పుకోవడానికి ఈ కథే బాగుంటుంది.

కాల్షీటు

ముద్ర రెండు రకాలని నా అభిప్రాయం. ఇంటిపేరు స్థానంలో సినిమా పేరు చేరిన వారిని చూడండి: షావుకారు జానకి (1950), సాక్షి రంగారావు (1967), శుభలేఖ సుధాకర్ (1982), ఆహుతి ప్రసాద్ (1987), ఈ తరంలో అల్లరి నరేశ్ (2002), వెన్నెల కిశోర్ (2005). ఆ పేరు కేవలం గుర్తు, ఫలానా రంగారావు అని చెప్పడానికి పనికివచ్చేది. దానివల్ల ఎవరికీ పాత్రలు తగ్గలేదు. జానకి గారు తమిళంలో, కన్నడంలో ఎన్ని రకాల పాత్రలు వేశారో చెప్పనక్కర్లేదు. కానీ పాత్ర పేరో, లక్షణమో మనిషికి అతుక్కున్నప్పుడు కథ వేరు. అంకుశం (1989) రామిరెడ్డి గారు పత్రికారంగం నుంచి వచ్చిన మనిషి. మొదటి పెద్ద పాత్రే స్పాట్ నానా అనే విలన్. దాన్ని హిందీలో తీసినప్పుడు కూడా ఆయన్నే తీసుకెళ్ళారు. ఆ చూపు, ఆ నడక, ఆ ఊతపదం ఎవరూ వదలలేదు. కాలకేయ ప్రభాకర్ గారిది కూడా ఇదే దారి.

నేలటికెట్టు

సుత్తి వీరభద్రరావు, సుత్తివేలు గార్లను ఏ రకంలో వేస్తారు? నాలుగు స్తంభాలాట (1982)తో వచ్చిన పేరు అది, సినిమా పేరూ కాదు, పాత్ర పేరూ కాదు.

కాల్షీటు

లక్షణం కిందకు వస్తుంది. అయినా సుత్తివేలు గారు దాన్ని దాటారు. ప్రతిఘటన (1985)లో ఆయనను చూసి నవ్వినవారు ఎవరూ లేరు, గుండె కలుక్కుమంది. టి. కృష్ణ గారికి ఆ సాహసం ఉంది. కాబట్టి నా పట్టిక సిద్ధాంతానికి నేనే ఒక సవరణ చేసుకుంటున్నాను: ముద్రను దాటించేది నటుడి పట్టుదల కంటే ఒక దర్శకుడి మొండితనం.

రేడియో అక్కయ్య

గొంతుల సంగతి కూడా చూడాలి. అంకుశంలో రాజశేఖర్ గారికి గొంతు సాయికుమార్ గారిది. ఏళ్ళ తరబడి ఆ పోలీసు గర్జన జనానికి రాజశేఖర్ ముఖంతోనే గుర్తు. చివరికి 1996లో కన్నడంలో పోలీస్ స్టోరీ వచ్చి సాయికుమార్ గారి ముఖానికి ఆయన గొంతు దక్కింది. దక్కీ దక్కగానే అగ్ని అనే ఆ పాత్ర ఆయనకు ఖాకీ తొడిగేసింది, ఇక వరుసగా పోలీసు వేషాలే. ఇతరుల ముద్రలకు గొంతు అద్దెకిచ్చిన మనిషికి తన సొంత ముద్ర దొరకడానికి అంత కాలం పట్టింది. శంకరశాస్త్రి విషయంలోనూ సగం వాటా బాలు గారిదని ఎవరూ ఎందుకు అనలేదో నాకు అర్థం కాలేదు. ఆయనకు తొలి జాతీయ పురస్కారం వచ్చింది ఆ పాటలకే.

బొంకులదిబ్బ

పాట బాలు గారిదే, సందేహం లేదు. కానీ ఆ పాట తన కంఠంలోంచే వస్తోందని నమ్మించే మెడనరాలు సోమయాజులు గారివి. గాత్రదానం ఎంత గొప్పదైనా, పెదవులు కదిపేవాడు తడబడితే గాలికి పోతుంది.

ఆదివారం రాత్రి

అమృతం సీరియల్ గురించి ఎవరూ చెప్పకపోవడం విచిత్రంగా ఉంది. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది. అమృతరావు పాత్రను మొదట శివాజీ రాజా, తరువాత నరేష్, ఆ తరువాత హర్షవర్ధన్ వేశారు. ముగ్గురిలో ఎవరికీ ఆ పాత్ర అతుక్కోలేదు. మరోవైపు గుండు హనుమంతరావు గారు మొదటి నుంచి చివరి దాకా ఆంజనేయులే. ఆయన ఎన్నో సినిమాల్లో నటించారు, అయినా 2018లో పోయినప్పుడు మా ఇంట్లో అందరూ అన్న మాట "అంజి పోయాడు" అని. అది ఆయనకు అవమానంగా నాకు తోచలేదు. సినిమా నటుణ్ణి ఏడాదికి ఒకసారి చూస్తాము, ఆయన వారం వారం మా ఇంటికి వచ్చారు.

పాతరీలు

ఛానెళ్ళు ఒకే దృశ్యం వేయడం గురించి నేను పడ్డ విసుగుకూ, మీ ఇంట్లోవారు అన్న మాటకూ తేడా ఉందనిపిస్తోంది. మీవారు ఏడ్చింది ఎరిగిన మనిషి కోసం.

తెనాలి హార్మణీ

ముద్ర నుంచి వెనక్కి నడిచినవారు కూడా ఉన్నారు. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారు రంగస్థలం మీద కృష్ణుడు. 1939లో తెర మీద సాక్షాత్తు వేంకటేశ్వరుడు. వయసు మళ్ళాక అదే మనిషి కన్యాశుల్కం (1955)లో రామప్పపంతులు, మాయాబజార్‌లో శకుని. దేవుడి వేషంతో మొదలై శకునిగా మిగిలారు, జనం దాన్ని కూడా ఆనందంగా ఒప్పుకున్నారు. బొంకులదిబ్బ గారికి ఇది ఉపయోగపడుతుందనుకుంటాను: ఒక రామప్పపంతులు తెర మీద శంకరశాస్త్రి అయ్యారు, ఒక వేంకటేశ్వరుడు తెర మీద రామప్పపంతులు అయ్యారు.

బొంకులదిబ్బ

చాలా ఉపయోగపడింది. ఇప్పుడు పాతరీలు గారి మొదటి ప్రశ్నకు నా సమాధానం చెబుతాను. ఆయన చిత్రాలను ఏ క్రమంలో చూశారో కానీ, శంకరాభరణం వెంటనే వచ్చినవాటిని వేరుగా చూడాలి. వంశవృక్షం (1980)లో బాపు గారు ఆయనకు ఇచ్చింది కుల గౌరవం, వంశ గౌరవం అని జీవితమంతా నమ్మిన పండితుడి పాత్ర. ఆ నమ్మకం పునాదే అబద్ధమని చివరికి ఆయనకు తెలుస్తుంది. సప్తపది (1981)లో విశ్వనాథ్ గారు ఇచ్చిన యాజులు ఇంకా కఠినమైన పాత్ర. మనవడి భార్య మనసు ఒక హరిజన యువకుడి మీద ఉందని తెలిశాక, తాను అప్పటివరకు చదివిన శాస్త్రాన్నీ తన ఆచారాన్నీ ఎదురెదురుగా నిలబెట్టుకొని, ఊరంతా చూస్తుండగా ఆ అమ్మాయిని అతని వెంట పంపుతాడు. శంకరశాస్త్రి మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి. యాజులు మన కళ్ళముందే మారిన మనిషి. నటనగా చూస్తే రెండోదే బరువైన పని అని నా నమ్మకం.

ఇద్దరు దర్శకులూ చేసింది గమనించండి. శంకరశాస్త్రి వల్ల ఆ ముఖం మీద జనానికి ఏర్పడిన భక్తిని వారు వాడుకున్నారు, కానీ దాన్ని పరీక్షకు పెట్టడానికి వాడుకున్నారు. ఆ ముఖమే "నేను నమ్మింది తప్పు" అంటే దాని బరువు వేరు. తరువాతి వారికి పరీక్ష అక్కర్లేదు, భక్తి చాలు. అందుకే మీకు ఉత్తరీయం ఒక్కటే కనిపించింది.

రేడియో అక్కయ్య

త్యాగయ్య (1981) మాటేమిటి? అది కూడా బాపు గారిదే, ఆయనే త్యాగరాజు.

బొంకులదిబ్బ

అక్కడ రెండు నీడలు పడ్డాయి. ఒకటి తన శంకరశాస్త్రి, రెండోది నాగయ్య గారి త్యాగయ్య (1946). పోతన, త్యాగయ్య, వేమన వేసి నాగయ్య గారు భక్తుడంటే ఇలా ఉంటాడని జనం మనసులో ఖాయం చేసేశారు. ఆ రెంటి మధ్య సోమయాజులు గారికి నిలబడే చోటు తక్కువ.

గోదారిగట్టు

త్యాగయ్య విషయంలో నేను ఒప్పుకోను. నాగయ్య గారిది గాయకుడి త్యాగయ్య, సోమయాజులు గారిది గృహస్థు త్యాగయ్య. పోలిక పెట్టకుండా చూస్తే బాగుంటుంది. సప్తపది గురించి మాత్రం మీతో ఏకీభవిస్తాను.

పాతరీలు

సప్తపది చిన్నప్పుడు చూశాను, పాటలు తప్ప గుర్తు లేవు. ఈ వారాంతం మళ్ళీ చూస్తాను. వంశవృక్షం చూడదగిన ప్రింటు దొరకడం లేదు, దొరికినది మధ్యలో రంగు వెలిసిపోయి మాట సరిగా వినబడడం లేదు. మంచిది ఎవరి దగ్గరైనా ఉంటే తెలియజేయండి.

బెజవాడ బాల్కనీ

నా దగ్గర పాత వీసీడీ ఉంది, రెండో డిస్కు ఆడుతుంది, మొదటిది ఆడదు. కావాలంటే పంపుతాను.

నేలటికెట్టు

రెండో డిస్కు చాలు, పునాది కదిలేది అందులోనే కదా.